పాకే బాబుకి డైపర్ లీకవుతోంది: సైజు మార్చాలా, బ్రాండ్ మార్చాలా?

బెజవాడ_అమ్మ:

బాబుకి 10 నెలలు, బరువు 9.2 కిలోలు. పాకుతాడు, మంచం పట్టుకుని నిలబడి పక్కకి అడుగులు వేస్తాడు, ఒక్క నిమిషం కుదురుగా ఉండడు. తొడలు సన్నం, పొట్ట మాత్రం ముందుకి ఉంటుంది. ప్యాంట్ టైప్ డైపర్ ఎం సైజు (7–12 కిలోలు) వాడుతున్నాం. పగలు ఎడమ తొడ దగ్గర తడి వస్తోంది, విప్పి చూస్తే డైపర్ సగం కూడా నిండి ఉండదు. రాత్రి బోర్లా పడుకుంటాడు, తెల్లవారుజామున పొట్ట మీద బనీను తడిసిపోయి ఉంటుంది. మందుల షాపులో అడిగితే ఎల్ సైజు (9–14) వేయమన్నారు. అది వేస్తే పగటి లీకు ఇంకా ఎక్కువైంది. మా అత్తగారు డైపర్లు మానేసి గుడ్డలే కట్టమంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి, ఏం మార్చాలి?

పిల్లల_వార్డు_సిస్టర్:

అమ్మా, మీకున్నది ఒక సమస్య కాదు, రెండు. పగటిది ఫిట్టింగ్ వల్ల, రాత్రిది ఎక్కువగా పడుకునే తీరు వల్ల. రెండింటికీ కలిపి సైజు పెంచితే ఒకటి తగ్గి ఇంకోటి పెరుగుతుంది. మీకు జరిగింది అదే.

ముందు ఒక పని చేయండి. వంటింట్లో చిన్న తూకం ఉంటే పొడి డైపర్ ఒకసారి తూచి రాసుకోండి. లీకైనప్పుడు తీసిన డైపర్‌ని మళ్లీ తూచండి. తేడా ఎన్ని గ్రాములుంటే దాదాపు అన్ని మిల్లీలీటర్ల పాస్ అందులో ఉన్నట్టు. వార్డులో పిల్లలు ఎంత పాస్ పోస్తున్నారో లెక్క కట్టేది కూడా ఇలాగే. 50, 60 గ్రాములకే లీకైందంటే డైపర్ నిండలేదు, దారి దొరికి బయటికి పోయింది. 200 దాటాక లీకైతే అప్పుడు దాని కెపాసిటీ గురించి ఆలోచించాలి. మీ పగటి లీకు మొదటి రకమని మీరు రాసినదాంట్లోనే తెలుస్తోంది.

ఒక్క ఎడమ తొడ దగ్గరే తడి రావడం మంచి ఆనవాలు. డైపర్‌లో కాలు దగ్గర రెండు వరుసల ఎలాస్టిక్ ఉంటుంది. బయటికి కనిపించేది ఒకటి. లోపల నిలువుగా లేచి నిలబడే పల్చని కుచ్చు ఇంకొకటి. పాస్‌ని, పల్చటి మోషన్‌ని అసలు ఆపేది ఈ లోపలి కుచ్చే. కదిలే పిల్లాడికి హడావుడిగా ప్యాంట్ లాగేటప్పుడు ఒక పక్క కుచ్చు లోపలికి మడతపడిపోతుంది. మడత పడ్డ కుచ్చు అడ్డుగోడలా నిలబడదు, తడి నేరుగా బయటి అంచుకి వచ్చేస్తుంది. వేసే ముందు డైపర్‌ని రెండు చేతులతో పొడవునా ఒకసారి సాగదీయండి, కుచ్చులు లేచి నిలబడతాయి. వేశాక చూపుడువేలు గజ్జల దగ్గర పెట్టి, ముందు నుంచి పిరుదు కిందిదాకా తిప్పుతూ రెండు వైపులా కుచ్చు బయటికి తీయండి. ఐదు సెకన్ల పని, కానీ తొడ లీకుల్లో చాలావాటికి మందు ఇదే.

తర్వాత ఎలాస్టిక్ ఎక్కడ కూర్చుందో చూడండి. అది తొడ మీద కాదు, కాలు ఒంటితో కలిసే గజ్జల మడతలో కూర్చోవాలి. తొడ మీద ఉంటే పాకేటప్పుడు మోకాలు ముందుకి వెళ్లిన ప్రతిసారీ ఎలాస్టిక్ జారి సందు పడుతుంది. పడుకోబెట్టి వేస్తే గింజుకుంటాడు కాబట్టి, నిలబడి మంచం పట్టుకున్నప్పుడు వేయండి. ఒక్కో కాలు ఎక్కించి, మోకాళ్ల పైకి వచ్చాక రెండు పక్కలా సమానంగా లాగండి. ముందు అంచు బొడ్డు కిందికి రావాలి, వెనక అంచు నడుం దాకా రావాలి.

ఇంకోటి, వెనకాముందూ. ప్యాంట్ డైపర్‌కి చుట్టి పారేయడానికి ఒక టేప్ ఉంటుంది చూడండి, అది వెనక్కి రావాలి. వెనక భాగం పిరుదులు కప్పేలా వెడల్పుగా కోస్తారు. తిరగేసి వేస్తే వెనక సరిపోదు.

ఎం సైజే ఉంచండి. ప్యాకెట్ మీద ఎం 7–12, ఎల్ 9–14 అని ఉందంటే 9 నుంచి 12 కిలోల పిల్లలకి రెండూ పడతాయని అర్థం. ఆ మధ్యలో తేల్చేది బరువు కాదు, తొడ. సన్నటి తొడలకి ఎల్ వేస్తే కాలి దగ్గర సందు తప్పదు. నడుం దగ్గర రెండు వేళ్లు సులువుగా దూరాలి, నాలుగు దూరితే వదులు. తీశాక పల్చటి గీతలుండి అరగంటలో పోతే ఫరవాలేదు. గాడి పడినట్టు ఎర్రగా ఉండిపోతే, లేదా కూర్చున్నప్పుడు డైపర్ వెనకనుంచి కిందికి జారి పిరుదుల చీలిక కనిపిస్తుంటే, అప్పుడు పై సైజుకి వెళ్లాలి.

ఉప్పల్_నాన్న:

సిస్టర్ గారు చెప్పినవాటికి రాత్రి సంగతి కలుపుతున్నాను.

డైపర్ లోపల దూదిలాంటి గుజ్జులో కలిపిన సన్నటి పలుకులుంటాయి, సోడియం పాలీయాక్రిలేట్. తడి తగలగానే నానిన సగ్గుబియ్యంలా ఉబ్బి జెల్లీ అవుతాయి. అయితే ఉబ్బడానికి కాస్త సమయం పడుతుంది. బోర్లా పడుకున్న బాబు ఒక్కసారిగా పోసింది ముందు భాగంలోనే దిగుతుంది. అక్కడి పలుకులు నిండిపోతాయి, వెనక సగం పొడిగానే ఉంటుంది, మిగిలింది పొట్ట వైపు అంచు నుంచి బయటికి వస్తుంది. అందుకే రాత్రి డైపర్ తీసి చూస్తే ముందు బరువుగా, వెనక తేలిగ్గా ఉంటుంది. చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతుంది.

మగపిల్లలకి చేయాల్సిన పని ఒకటుంది. డైపర్ పైకి లాగాక ముందు ఎలాస్టిక్ కొంచెం ఎత్తి, అంగం కిందికి ఉండేలా సర్దండి. పైకి ఉంటే ధార నేరుగా నడుం ఎలాస్టిక్‌కే తగులుతుంది, అప్పుడు ఎంత ఖరీదైన డైపరైనా ఆపలేదు.

కెపాసిటీ లెక్క కూడా చూద్దాం. పిల్లలు మామూలుగా కిలో బరువుకి గంటకి 1 నుంచి 2 మిల్లీలీటర్ల పాస్ పోస్తారు. 9 కిలోల బాబుకి పది గంటల రాత్రిలో 90 నుంచి 180. మంచి డైపర్‌కి ఇది పెద్ద ఎక్కువేం కాదు. కానీ ఎనిమిదింటికి వేసిన డైపర్‌తోనే పదకొండింటికి పాలు పట్టి పొద్దుటిదాకా ఉంచితే, పైగా ఒళ్లు బరువు దాని మీదే ఉంటే, నిండిన చోట జెల్లీ నొక్కుకుపోయి తడి పైకి వస్తుంది. మీరు నిద్రపోయే ముందు ఒకసారి మార్చేయండి. నిద్రలో మార్చడానికి ప్యాంట్ టైప్ పక్క కుట్లు చింపి తీయాలి, కిందికి లాగితే లేచిపోతాడు. వేయడానికి స్టిక్కర్ టైప్ సులువు, కాళ్లు ఎక్కించే పని లేదు. రాత్రి పూటకి మాత్రం ఎల్ సైజు స్టిక్కర్ టైప్ వాడి చూడండి. స్టిక్కర్ బిగింపు మన చేతిలో ఉంటుంది కాబట్టి ఎల్ అయినా తొడ దగ్గర సందు లేకుండా సర్దుకోవచ్చు. పెద్ద సైజులో పీల్చే సరుకు కూడా కాస్త ఎక్కువ. స్టిక్కర్లు అంటించేటప్పుడు కింది భాగాన్ని లోపలికి వంచి అంటిస్తే కాలి దగ్గర పట్టుంటుంది, పై భాగం వదులుగా ఉన్నా ఇబ్బంది లేదు.

బ్రాండ్ పోల్చాలంటే ఇంట్లోనే చేయొచ్చు. ఉత్త నీళ్లు పోసి చూస్తే మోసపోతారు, ఉప్పు లేని నీళ్లని ఆ పలుకులు చాలా ఎక్కువ పీలుస్తాయి. లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలపండి, గోరువెచ్చగా ఉండాలి. 60 మిల్లీలీటర్లు ఒకే చోట గబుక్కున పోసి, ఎన్ని సెకన్లలో లోపలికి దిగిందో చూడండి. ఐదు నిమిషాలాగి మళ్లీ 60, ఇంకో ఐదు నిమిషాలకి మరో 60. చివర్లో మడతపెట్టిన టిష్యూ పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కండి. టిష్యూ ఎంత తడిస్తే పిల్లాడి ఒంటికి అంత తడి. మొదటిసారి అన్నీ బాగానే కనిపిస్తాయి, తేడా బయటపడేది మూడోసారే. అందుకే కొత్త బ్రాండ్ ఎప్పుడూ చిన్న ప్యాకెట్టే కొనాలి, ఆఫర్ ఉందని 70, 80 పీసుల ప్యాకెట్ తెచ్చుకోకండి.

గోదారి_పిన్ని:

మొలతాడు సంగతి ఎవరూ అడగలేదు. కట్టి ఉంటే అది డైపర్ నడుం ఎలాస్టిక్ కింద ఉందో, పైన ఉందో చూడమ్మా. కింద ఉంటే, అందులోనూ మువ్వో తాయెత్తో కట్టి ఉంటే, అక్కడ ఎలాస్టిక్ ఎత్తుగా లేచి సందు పడుతుంది. నూలు తాడైతే తడిని కూడా బయటికి లాగుతుంది. డైపర్ అంచుకి పైన, బొడ్డు దగ్గర ఉండేలా జరిపితే చాలు, తీసేయక్కర్లేదు. డైపర్ మీద నుంచి బిగుతుగా కట్టడం అసలు వద్దు.

బనీను అంచు డైపర్‌లోకి దోపుతున్నారా? చలికాలంలో చాలామంది దోపుతారు. గుడ్డ లోపల ఉంటే ఆ తడంతా బనీను పీల్చుకుంటుంది. పొట్ట మీద తడికి అదీ ఒక కారణం కావచ్చు.

నూనె రాసి నలుగు పెట్టి స్నానం చేయించాక గజ్జల్లో జిడ్డు ఉండిపోతే ఎలాస్టిక్ నిలవదు, జారుతుంది. కొబ్బరి నూనె గానీ వాసెలిన్ గానీ దట్టంగా పట్టిస్తే అది డైపర్ లోపలి పొరకి అంటుకుని తడిని కిందికి దిగనివ్వదు. మడతల్లో మెత్తటి గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరాకే డైపర్ వేయండి.

చీర ఉయ్యాలలో పడుకోబెడితే ఒళ్లు విల్లులా వంగుతుంది, పిరుదులు అన్నిటికన్నా కిందికి వెళ్తాయి. అక్కడ వెనక వైపు లీకవుతుంది. అది డైపర్ తప్పు కాదు.

బెజవాడ_అమ్మ:

అందరికీ చాలా థాంక్స్ అండీ. పిన్నిగారూ, మొలతాడు ఉంది, లోపలే ఉంటోంది, ఇవాళే జరిపేశాను. కుచ్చులు కూడా చూశాను, ఎడమ పక్కది నిజంగానే మడతపడి ఉంది. ఇంకో రెండు అడుగుతాను. గజ్జల్లో ఎర్రగా ఉంది, క్రీమ్ రాస్తే లీకవుతుందా? వచ్చే వారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం ఉంది, ఎన్ని డైపర్లు పెట్టుకోవాలి? గుడ్డ డైపర్ల మాట కూడా ఎవరైనా చెప్పండి.

పిల్లల_వార్డు_సిస్టర్:

జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీమ్ ఎర్రగా ఉన్న చోట మాత్రమే రాయండి. మడతల్లో తడి లేకుండా ఆరాక రాయాలి, అక్కడి నుంచి డైపర్ మధ్యకి పూసుకోకుండా చూసుకోండి. రోజుకి రెండు మూడుసార్లు డైపర్ లేకుండా పది నిమిషాలు గాలి తగలనివ్వండి. పౌడర్ చల్లొద్దు, పిల్లలు పీలుస్తారు. ఎరుపు మడత లోపలిదాకా పోయి, చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు వస్తే అది ఫంగస్ కావచ్చు, మామూలు క్రీమ్‌తో పోదు. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా డాక్టర్‌కి చూపించండి. సొంతంగా స్టెరాయిడ్ ఉన్న ఆయింట్‌మెంట్ కొని రాయకండి, మందుల షాపులో అడగ్గానే ఇచ్చినా సరే. డైపర్ పగలు మూడు నాలుగు గంటలకి, మోషన్ అయితే వెంటనే మార్చాలి. కొన్ని డైపర్ల మీద మధ్యలో ఉండే గీత రంగు మారిందంటే తడిసిందని మాత్రమే అర్థం, నిండిందని కాదు.

గుడ్డ_డైపర్_గుంటూరు:

గుడ్డ గురించి నేను చెప్తాను చెల్లీ. మీ అత్తగారి మాట పగటిపూట ఇంట్లో ఉన్నప్పటికి మంచిదే, ఒంటికి గాలి ఆడుతుంది. ఉత్త గోచీ అయితే పోసిన ప్రతిసారీ మార్చాలి. బటన్లుండే కవర్ డైపరైతే లోపల ప్యాడ్ ఉంటుంది, రెండు మూడు గంటలు ఆగుతుంది. కొత్త కాటన్ ప్యాడ్లు వెంటనే పీల్చవు, ఐదారుసార్లు ఉతికి ఆరేశాకే వాటి పని మొదలవుతుంది. మొదటి రోజే లీకైందని పక్కన పడేయకండి. ముందున్న నిలువు వరుస బటన్లు ఎత్తు తగ్గించడానికి, సన్నటి తొడలుంటే పక్క బటన్లలో తొడ వైపుది ఇంకో గడి లోపలికి పెట్టండి, నడుం వైపుది వదిలేయండి. ప్యాడ్ అంచు కవర్ బయటికి ఒక్క పోగు కనిపించినా లీకే. కంఫర్ట్ లాంటివి వేసి ఉతకొద్దు, అవి పట్టేస్తే గుడ్డ నీళ్లు పీల్చదు. బోరు నీళ్లయితే సబ్బు వదలదు, చివర్లో ఇంకోసారి జాడించాలి. ప్రయాణానికి, రాత్రికి మాత్రం వద్దు.

ఉప్పల్_నాన్న:

రైలుకి ఐదు పెట్టుకోండి. మామూలుగా మూడు చాలు, ఒక్క మోషన్ అయితే లెక్క తప్పుతుంది. బండి ఎక్కే ముందు స్టేషన్‌లోనే ఒకటి మార్చేయండి. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే డైపర్ మధ్యలో నలిగి తొడ దగ్గరకి తడి వస్తుంది, కాబట్టి పడుకునేదాకా రెండు గంటలకోసారి వేలు పెట్టి కుచ్చులు సరిచూడండి. బెర్త్ మీద ప్లాస్టిక్ షీట్ పరిచి పైన దుప్పటి వేయండి. తీసిన డైపర్‌ని లోపలికి చుట్టి, వెనక టేప్‌తో అంటించి, పేపర్‌లో పెట్టి కవర్‌లో ముడేయండి. మోషన్ ఉంటే గట్టిది ముందు టాయిలెట్‌లో దులిపేయండి, డైపర్ మాత్రం అందులో వేయొద్దు. రైళ్లలో ఇప్పుడున్నవి బయో టాయిలెట్లు, ఒక్క డైపర్‌కే జామైపోయి బోగీలో అందరూ ఇబ్బంది పడతారు. వాష్ బేసిన్ కింద చెత్తబుట్ట ఉంటుంది, అది నిండి ఉంటే కవర్ మీ దగ్గరే ఉంచుకుని దిగాక ప్లాట్‌ఫాం మీది చెత్తబుట్టలో వేయండి.