జీతం లేకుండా సేంద్రియ పొలంలో పని: నేర్చుకోవడమా, ఉచిత చాకిరీనా?

పైరుగాలి

వచ్చే పంట కాలమంతా ఒక చిన్న సేంద్రియ పొలంలో ఉండి పని నేర్చుకోవాలని ఉంది. ఒక కుటుంబం తమకు తాముగా నడుపుకునే పొలం. రోజుకు ఐదారు గంటల పని, వారానికి ఒక రోజు సెలవు, ఉండటానికి గది, మూడు పూటలా భోజనం అన్నారు. జీతం ఉండదు. నేనూ వాళ్లకు ఏమీ కట్టక్కర్లేదు.

మా అన్నయ్యకు ఇది నచ్చలేదు. "నేర్పిస్తామనే పేరుతో ఊరికే చాకిరీ చేయించుకుంటారు" అంటున్నాడు. కొన్నాళ్లు జీతం లేకుండా గడిచేంత పొదుపు నా దగ్గర ఉంది కాబట్టి నా డబ్బు గురించి టెన్షన్ లేదు. నేను వెళ్లడం వల్ల ఇంకెవరికైనా అన్యాయం జరుగుతుందా అన్నదే తేల్చుకోలేకపోతున్నాను. అలా వెళ్లి పని చేసినవాళ్లు, తమ పొలంలో పెట్టుకున్నవాళ్లు ఇద్దరూ చెప్పండి.

తుంగగడ్డ

మాదీ అలాంటి పొలమే. ఏటా ఒకరిద్దరు వచ్చి ఉంటారు. పెట్టుకునే వైపు నుంచి చెప్తాను.

బయటివాళ్లకు వాలంటీర్ చేసే ఐదారు గంటలే కనిపిస్తాయి. ఆ పని చేయించడానికి నేను పక్కన నిలబడే టైమ్ ఎవరి లెక్కలోకీ రాదు. చిక్కుడు సాళ్లలో ఆకు రసం పీల్చే పేనుబంక పట్టింది, చూసి రమ్మని ఒకబ్బాయిని పంపాను. అతను పేనుబంకను వదిలేసి, పక్కనే పాకుతున్న నల్లటి పురుగులను ఏరి నలిపేశాడు. ఒంటి మీద నారింజ మచ్చలతో, బుల్లి మొసలి పిల్లలా గరుగ్గా ఉంటాయవి. చూస్తే ఆకును తినేది ఇదేనని ఎవరైనా అనుకుంటారు. నిజానికి అవి అక్షింతల పురుగు పిల్లలు. ఎర్రటి రెక్కల మీద నల్ల చుక్కలుండే పెద్ద పురుగును అందరూ గుర్తుపడతారు కానీ దాని పిల్ల ఎలా ఉంటుందో చూసినవాళ్లు తక్కువ. ఒక్కో పిల్ల పురుగు ఎదిగేలోపు వందల పేనుబంకలను తినేస్తుంది. మందు కొట్టని పొలానికి అదే కాపలా. ఆ సాళ్లు మళ్లీ తేరుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఆ అబ్బాయిని నేనేమీ అనలేదు, అనాల్సిన పని కూడా లేదు. నేర్చుకోవడానికే కదా వచ్చింది. కానీ ఆ నష్టం ఎవరు భరించారో కూడా చూడాలి కదా.

కంపోస్ట్ సంగతీ అంతే. పేడ, పచ్చి ఆకు, ఎండు గడ్డి కుప్ప పోసేస్తే ఎరువైపోదు. ఎండు గడ్డిలో ఎక్కువుండే కార్బన్ ఇరవై అయిదు నుంచి ముప్పై పాళ్లు ఉంటే, పేడ, పచ్చి ఆకుల నుంచి వచ్చే నైట్రోజన్ ఒక పాలు ఉండాలి. కుప్ప మధ్యలో వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలబడితేనే కలుపు గింజలు, రోగాలు చస్తాయి. మా దగ్గర కుప్పలో ఒక ఇనుప కడ్డీ గుచ్చి ఉంచుతాం. వచ్చినవాళ్ల చేత రోజూ దాన్ని లాగించి పట్టుకోమంటాను. పట్టుకోలేనంత కాలితే కుప్ప పని చేస్తున్నట్టు. చల్లగా ఉంటే తడి తగ్గిందా, పచ్చిది తగ్గిందా అని వాళ్లే చెప్పాలి. ముక్కు మండే వాసన వస్తే ఎండు గడ్డి కలపాలి, కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి ఆడటం లేదు కాబట్టి తిరగేయాలి. ఇది చేతికి, ముక్కుకు అలవాటయ్యే చదువు. పుస్తకంలో చదివితే సగమే వస్తుంది.

డబ్బు మాట కూడా చెప్తాను. రసాయనాలు మానేసిన మర్నాడే సేంద్రియ సర్టిఫికెట్ రాదు. చాలా దేశాల్లో రెండు మూడేళ్లు ఆగాలి. అమెరికాలో మూడేళ్లు. ఆ ఏళ్లలో దిగుబడి పడిపోతుంది, పంటకు సేంద్రియ ధర దక్కదు. చిన్న కుటుంబాలు వాలంటీర్లను పిలవడం ఎక్కువగా అప్పుడే మొదలవుతుంది. దాన్ని దోపిడీ అనేస్తే బాధగా ఉంటుంది.

కూలిలెక్క

తుంగగడ్డ గారూ, మీరు మనసు పెట్టి నేర్పుతారని మీ మాటల్లోనే తెలుస్తోంది. నా అభ్యంతరం నేర్పడం మీద కాదు.

మా అమ్మ కలుపు తీయడానికి కూలికి వెళ్లేది. ఆ పని ఏడాది పొడుగునా ఉండదు. పంట కాలంలో మొదటి మూడో వంతులోనే కలుపు ఎక్కువ దెబ్బ తీస్తుంది కాబట్టి ఆ కొద్ది వారాల్లోనే ప్రతి రైతుకూ మనుషులు కావాలి. ఆ వారాల్లో చేతికొచ్చిన డబ్బుతోనే పని లేని నెలలు కూడా గడవాలి. గడ్డి మందులు వచ్చాక మామూలు పొలాల్లో ఆ కూలి చాలావరకు పోయింది. సేంద్రియ పొలాల్లోనైనా మిగిలింది అనుకుంటే, జీతం అక్కర్లేని చదువుకున్న పిల్లలు వచ్చి ఆ సాళ్లలో కూర్చుంటున్నారు. పైరుగాలి గారూ, మీ ప్రశ్నకు నా జవాబు ఇది: అన్యాయం మీకు కాదు, ఆ సాలులో ఉండాల్సిన మనిషికి.

సేంద్రియ సాగు అంటే మందులు కొట్టకపోవడం ఒక్కటే కాదు. అంతర్జాతీయ సేంద్రియ ఉద్యమాల సమాఖ్య, ఐఫోమ్, 2005లో నాలుగు సూత్రాలు పెట్టుకుంది. ఆరోగ్యం, పర్యావరణం, న్యాయం, జాగ్రత్త. న్యాయం అన్నచోట రైతులతో పాటు పనివాళ్ల పేరూ ఉంది. సర్టిఫికెట్ కోసం మట్టిని, ఎరువును పరీక్షిస్తారు. కలుపు ఎవరు తీశారు, వాళ్లకు ఎంత ఇచ్చారు అని అంత పట్టుగా అడగరు.

చట్టం కూడా "నేర్పిస్తున్నాం" అన్న ఒక్క మాటతో వదిలిపెట్టదు. కాలిఫోర్నియాలో ఒక చిన్న వైన్ తయారీ కుటుంబం వాలంటీర్లతో పని చేయించుకుందని అక్కడి కార్మిక శాఖ లక్ష డాలర్లకు పైగా కట్టమంది. ఆ వాలంటీర్లలో వైన్ తయారీ నేర్చుకుంటున్న విద్యార్థులు కూడా ఉన్నారు. 2014లో అది పెద్ద వార్త. లాభం కోసం నడిచే వ్యాపారానికి జీతం లేని పని ఉండకూడదన్నది అక్కడి నియమం. పొలం అమ్ముకునే పంట పండిస్తుంటే అదీ వ్యాపారమే.

గడ్డిపరక

నేను రెండు చోట్ల ఉన్నాను. మొదటి చోట నాకు ఇచ్చింది క్యారెట్ మడి, అంతే. క్యారెట్ గింజ మొలవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, కలుపు దానికంటే ముందే లేస్తుంది. మొలిచాక కూడా వెంట్రుక లాంటి ఆకు. దాన్ని తెంపకుండా చుట్టూ గడ్డి తీయాలి. పనిని తక్కువ చేసి మాట్లాడటం లేదు, ఓపిక అక్కడే అబ్బింది. కానీ మడి ఎందుకు అంత దగ్గరగా వేశారు, దానికి ముందు ఏ పంట ఉండేది, తర్వాత ఏం వేస్తారు అని అడిగితే "ముందు ఇది కానీ" అనేవాళ్లు. వెళ్లిన రోజూ అదే మాట, వచ్చేసే రోజూ అదే మాట.

రెండో చోట పొద్దున్నే పొలం మొత్తం ఒక చుట్టు తిరిగేవాళ్లం. ఏం కనిపించిందో నేను ముందు చెప్పాలి, ఆ తర్వాత ఆయన చెప్పేవారు. మిగతా రోజంతా అక్కడా కలుపే తీశాను. అయినా ఆ చుట్టు వల్ల నా చేతిలో ఉన్న పని పొలంలో ఎక్కడ ఇముడుతుందో తెలిసేది. పని గంటలు రెండు చోట్లా దాదాపు ఒకటే.

ఇంటివైపు

ఇంతమంది మాట్లాడారు, మూడు పూటలా భోజనం అన్న మాట దగ్గర ఎవరూ ఆగలేదు. ఆ భోజనం ఎవరు వండుతున్నారు?

మా ఆయన వాలంటీర్లను పిలుస్తానన్నప్పుడు నేనూ సంతోషంగానే ఒప్పుకున్నాను. పొలం పనిలో ఆయనకు ఇద్దరు మనుషులు పెరిగారు. వంటింట్లో నాకు ఇద్దరు మనుషుల పని పెరిగింది. వాళ్లకు ఐదారు గంటలు దాటితే పని ఆగిపోతుంది, వారానికో రోజు సెలవు. నాకు ఆ రెండూ లేవు. పైగా నేనూ పొలంలో దిగే మనిషినే. నారు పోసేది, విత్తనం ఎండబెట్టి దాచేది నేనే. వచ్చినవాళ్లు విత్తనం గురించి ఆయన్ని అడుగుతారు, నన్ను నీళ్లు అడుగుతారు.

వాలంటీర్ కష్టం గురించి, కూలికి వచ్చే ఆవిడ నష్టం గురించి వాదించండి, రెండూ న్యాయమైనవే. ఆ లెక్కలో ఇంటి ఆడవాళ్ల గంటలు కూడా వేయండి. మా ఇంట్లో ఇప్పుడు ఒక పూట వంట వాలంటీర్లదే. గిన్నెలు కడగడం పొలం పనిలోకే లెక్క. ఆ ఏర్పాటు కుదిరాకే మళ్లీ మనుషులను రమ్మన్నాం.

దారిబత్తెం

చిన్న మాట. పైరుగాలి గారు వేరే దేశం వెళ్లేట్టయితే వీసా చూసుకోండి. డబ్బు తీసుకోవడం లేదు కదా అని టూరిస్ట్ వీసా మీద వెళ్లి విమానాశ్రయం నుంచే వెనక్కి వచ్చినవాళ్లు ఉన్నారు. న్యూజిలాండ్‌లో తిండి, వసతి కోసం పని చేసినా అది ఉద్యోగం కిందే లెక్క. ఆస్ట్రేలియాలో వర్కింగ్ హాలిడే వీసా (కుర్రకారు దేశం తిరుగుతూ పని కూడా చేసుకునే వీసా) మీద ఉన్నవాళ్లు రెండో ఏడాది పొడిగింపు కోసం పొలాల్లో ఉచితంగా పని చేసేవాళ్లు. 2015 డిసెంబర్ నుంచి జీతం ఇచ్చిన పనినే లెక్కలోకి తీసుకుంటున్నారు. పొడిగింపు ఆశ చూపి ఉచితంగా చేయించుకుంటున్నారన్న ఫిర్యాదులే దానికి కారణం.

తుంగగడ్డ

ఇంటివైపు గారు చెప్పిన దానికి ఎదురు చెప్పడానికేమీ లేదు.

కూలిలెక్క గారికి ఒకటి చెప్పాలి. వాలంటీర్ రాకపోతే ఆ డబ్బుతో నేను కూలి మనిషిని పెట్టుకుంటానని మీరు అనుకుంటున్నారు. కొన్ని పొలాల్లో అది నిజం. మా దగ్గర అలా కాదు. వాలంటీర్ లేని ఏడు మేం విత్తనం కోసం పెంచే మడి మానేస్తాం, అంతే. కలుపు ముదిరే వారాల్లో ఎప్పుడూ వచ్చే ఆడవాళ్లనే పిలుస్తాం, వాలంటీర్ ఉన్నా సరే. అతను వాళ్ల పక్కన ఒక సాలు పట్టుకుంటాడు.

అసలు తుంగ తీయడం అతనికి నేర్పేది కూడా వాళ్లే. పైన ఆకు పట్టి లాగితే తెగి చేతికొస్తుంది, భూమిలో గడ్డలు అలాగే ఉండి కొద్ది రోజుల్లో మళ్లీ లేస్తుంది. ఒక గడ్డకు ఇంకో గడ్డ తీగతో అల్లుకుని ఉంటుంది. ఆ తీగ ఎటు పోతోందో వేలితో వెతుక్కుంటూ మట్టిని వదులు చేసి మొత్తం పైకి తీయాలి. ఇది నాకంటే వాళ్లకే బాగా వచ్చు.

ఈ వాలంటీర్ పద్ధతి ఎలా పుట్టిందో కూడా గుర్తు పెట్టుకోవాలి. వాలంటీర్లను సేంద్రియ పొలాలతో కలిపే, ఇవాళ వూఫ్ (WWOOF) అంటున్న సంస్థ 1971లో ఇంగ్లండ్‌లో మొదలైంది. లండన్‌లో సెక్రటరీ ఉద్యోగం చేసే స్యూ కోపార్డ్ అనే ఆవిడకు వారాంతంలో పల్లెకు వెళ్లే దారి కావాలి. ససెక్స్‌లో ఒక కాలేజీ పొలానికి మరికొందరితో కలిసి వెళ్లింది. మొదట పెట్టిన పేరులోనే వారాంతాలు అన్న మాట ఉంది. పొలానికి కూలీలను సప్లై చేయాలని పుట్టింది కాదది.

కూలిలెక్క

వారాంతాలతో మొదలైంది కాబట్టే అడుగుతున్నాను. రెండు రోజులు వచ్చి వెళ్లే మనిషి మీద ఏ పొలమూ ఆధారపడదు. పంట కాలమంతా ఉండే మనిషి మీద ఆధారపడుతుంది. అక్కడికొచ్చాక పేరు వాలంటీర్ అయినా పని కూలి పనే.

తుంగ ఎలా తీయాలో ఆ ఆడవాళ్లే నేర్పుతారన్నారు. చాలా సంతోషం. మరి నేర్పినందుకు వాళ్లకు ఏమిస్తున్నారు? కొత్త మనిషి పక్కన ఉంటే వాళ్ల సాలు వెనకబడుతుంది. సాలుకింత అని ఒప్పందమైతే ఆ నష్టం వాళ్ల కూలిలోంచే పోతుంది.

తుంగగడ్డ

మా దగ్గర రోజు కూలి, సాలు లెక్క కాదు. కొత్తవాళ్లు పక్కనున్న రోజు ఆవిడకు సాళ్లు సగమే ఇస్తాం, కూలి పూర్తిగా ఇస్తాం. నేర్పినందుకు అదనంగా ఇవ్వాలన్నది మాత్రం మీరు అన్నాకే తట్టింది. న్యాయమైన మాటే. ఈసారి నుంచి కలుపుతాను.

పైరుగాలి

అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ చదివాక ఆ కుటుంబానికి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడిగాను. నేను రాకపోతే ఆ పని ఎవరు చేస్తారు? వంట ఎవరిది? చివరికి నేను ఒంటరిగా చేయగలిగేది ఏమిటి?

మొదటిదానికి ఆయన చాలాసేపు ఆలోచించి, కోత రోజుల్లో మనుషులను పిలుస్తామని, నేనున్నా పిలుస్తామని చెప్పారు. కలుపు విషయంలో మాత్రం ఆ మాట ఇవ్వలేనన్నారు. వంట మాట ఎత్తేసరికి ఫోన్ వాళ్లావిడ తీసుకున్నారు. వారంలో మూడు రోజులు రాత్రి వంట నేను చేసేలా అక్కడికక్కడే తేల్చేశారు. మూడోదానికి ఒక చిన్న మడి పూర్తిగా నాకే వదిలేస్తామన్నారు. ఏం వేయాలో, ఎప్పుడు వేయాలో నా ఇష్టం, పోతే పోయిందని.

వెళ్లాలనే అనుకుంటున్నాను. కూలిలెక్క గారూ, కలుపు దగ్గర మీ ప్రశ్న అలాగే ఉండిపోయింది, దాన్ని పక్కన పెట్టలేదు. నేను వెళ్లాక కలుపు కూలీలను పిలవడం మానేశారని తెలిస్తే ఏం చేయమంటారు?

కూలిలెక్క

వెళ్లిన వారంలోనే తెలుసుకోండి, పంట అయ్యాక కాదు. పోయినేడు కలుపుకు ఎవరొచ్చారో పేర్లు అడగండి. ఈసారి వాళ్లను పిలవడం మానేస్తే మీ ఐదారు గంటలు కలుపు మీద కాకుండా వేరే పని మీద పెట్టమని చెప్పండి. కంపోస్ట్ ఉంది, నారు ఉంది, విత్తనం ఉంది. నేర్చుకోవాల్సింది అక్కడా చాలా ఉంది. ఒప్పుకోకపోతే తిరిగి వచ్చేయండి. జీతం తీసుకోని మనిషికి ఆ స్వేచ్ఛ ఉంది, కూలికి వచ్చే ఆవిడకు లేదు.