అప్‌డేట్: ఫార్మాల్ ముందు చక్రాలు, ఎరుపు కింది బూడిద రంగు

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక రైతు పాకలో చూసిన ఫార్మాల్ ఎఫ్-20 ట్రాక్టరుకు ముందు చక్రాలు అంత దగ్గరగా ఎందుకున్నాయని, ఎర్ర రంగు కింద బూడిద రంగు ఎందుకుందని కిందటి నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. నిన్న మళ్ళీ వెళ్ళి దాని పక్కనే మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ముందు చక్రాలు రెండు మొక్కజొన్న వరుసల నడుమ సాగుతుంటే, ఎత్తైన వెనుక ఇరుసు ఆ రెండు వరుసల మీదుగా మొక్కలకు తగలకుండా దాటిపోతుంది. 1924లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అనే అమెరికా ట్రాక్టర్ల కంపెనీ తెచ్చిన తొలి ఫార్మాల్ అసలు గొప్పతనం ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే అంతవరకు గుర్రాలకే వదిలేసిన కలుపు దున్నకం కూడా దానితో యంత్రానికి దక్కింది. ఇక రంగు సంగతి: కంపెనీ 1936 చివర్లో బూడిద రంగు మాని ఎరుపుకు మారింది కాబట్టి, ఇరుసు దగ్గర మడ్డి గీకగా బయటపడిన ఆ బూడిద పొరే ఈ బండి మొదటి రంగు, పైనున్న ఎరుపు తర్వాత ఎవరో వేయించినది.