బిల్లు లేని సరుకుతో వెళ్తున్నారన్న అనుమానం మీద సెక్యూరిటీ గార్డు ఎవరినైనా నిర్బంధించవచ్చా?

గార్డుల సూపర్‌వైజర్, విజయవాడ:
మేము కాపలా కాసే సూపర్‌మార్కెట్‌లో గత నెల ఒక గార్డు, నూనె ప్యాకెట్లకు బిల్లు వేయించలేదన్న అనుమానంతో ఒక కాలేజీ కుర్రవాడిని సరుకుల గదిలో రెండు గంటలు కూర్చోబెట్టాడు. చివరికి బిల్లు కుర్రవాడి చొక్కా జేబులోనే దొరికింది. తండ్రి పోలీసులకు ఫిర్యాదు చేశారు. మేనేజర్ చెబితేనే చేశానని గార్డు అంటున్నాడు, తాను చెప్పలేదని మేనేజర్ అంటున్నారు. గార్డుకు చట్టం ఎంతవరకు అధికారం ఇచ్చిందో తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను.

దుకాణం మేనేజర్, హైదరాబాద్:
ఆ కుర్రవాడి విషయంలో తప్పు జరిగింది, కాదనను. అయితే ద్వారం దగ్గర ఎవరినీ ఆపకూడదంటే గార్డును పెట్టుకోవడం దేనికి? సంచులు తనిఖీ చేస్తామని మేము బోర్డు పెట్టాము, అది చదివే లోపలికి వస్తున్నారు. దొరికినవారి దగ్గర పదింతల సొమ్ము కట్టించుకుని పంపేస్తే కేసులు, కోర్టులు లేకుండా పోతుందని మా అనుభవం.

న్యాయవాది, గుంటూరు:
మేనేజర్ గారు చెప్పిన చివరి మాట దగ్గరే అసలు ప్రమాదం ఉంది. జరిమానా వేసే అధికారం కోర్టుది. గదిలో కూర్చోబెట్టి, పోలీసులకు అప్పగిస్తామని భయపెట్టి పదింతలు కట్టించుకుంటే అది పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద బలవంతపు వసూలు అనే ఆరోపణకు దారి తీస్తుంది.

ఇక గార్డు అధికారం సంగతి. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం ఏజెన్సీకి లైసెన్సు, గార్డుకు శిక్షణ, ఫోటో గుర్తింపు కార్డు ఉండాలని చెబుతుందే తప్ప, అరెస్టు చేయడానికి గానీ సోదా చేయడానికి గానీ ప్రత్యేక అధికారం ఏదీ ఇవ్వలేదు. పైగా పోలీసు, సైనిక యూనిఫాం వేసుకున్న గార్డుకూ, అతని ఏజెన్సీ యజమానికీ ఏడాది వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కాబట్టి గార్డుకు ఉన్నది దారిన పోయే పౌరుడికి ఉన్న అధికారమే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (అరెస్టు, విచారణ పద్ధతుల చట్టం) 40వ సెక్షన్ ప్రకారం, తన సమక్షంలో కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల), నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని) రెండూ అయిన నేరం చేసిన వ్యక్తిని గానీ, కోర్టు ప్రకటిత నేరస్థుణ్ణి గానీ పౌరుడు పట్టుకోవచ్చు. పట్టుకున్న తరువాత అనవసర జాప్యం లేకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆరు గంటలు దాటకుండా పోలీసులకు అప్పగించాలి. ఈ ఆరు గంటల గడువు దీనికి ముందున్న పాత చట్టంలో (సీఆర్పీసీలో) లేదు. దీన్ని ఆరు గంటలు అట్టిపెట్టుకునే అనుమతిగా కొందరు చదువుతున్నారు, అది పొరపాటు.

నూనె ప్యాకెట్ల విలువ 5,000 రూపాయలకు చాలా తక్కువ. సురక్షా సంహిత షెడ్యూలులో అంతకన్నా తక్కువ విలువైన మామూలు దొంగతనం నాన్‌కాగ్నిజబుల్, బెయిలబుల్. అంటే కుర్రవాడు నిజంగానే దొంగిలించి ఉన్నా గార్డుకు 40వ సెక్షన్ అక్కరకు రాదన్న వాదన బలంగా నిలుస్తుంది. సరుకు భద్రపరిచే భవనంలో జరిగే దొంగతనానికి న్యాయ సంహితలో 305వ సెక్షన్ వేరుగా ఉందనీ, దానికి విలువతో పని లేదనీ ఎదుటి పక్షం అనవచ్చు. ఇద్దరు వకీళ్లు కోర్టులో తేల్చుకోవలసిన ఈ చిక్కుముడిని ద్వారం దగ్గర నిలబడిన మనిషి క్షణంలో విప్పాలని కోరడం అన్యాయమని నా అభిప్రాయం. పొరపాటు జరిగితే అక్రమ నిర్బంధానికి న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు పడేది ముందుగా అతనికే. మేనేజర్ చెప్పారన్నది అతనికి రక్షణ కాదు.

బోర్డు గురించి ఒక మాట. సంచి చూపించనివారిని లోపలికి రానివ్వకపోవడం మీ హక్కు. వచ్చిన తరువాత, వద్దంటున్నా సంచి లాక్కుని వెతికే హక్కు బోర్డు వల్ల రాదు. మహిళ ఒంటి మీద మగ గార్డు చేయి వేస్తే మహిళ గౌరవానికి భంగం కలిగించారన్న న్యాయ సంహిత 74వ సెక్షన్ దాకా వెళ్తుంది.

మాజీ సైనికుడు, గార్డులకు శిక్షణ ఇస్తున్నాను:
న్యాయవాది గారూ, మీరు గార్డు చేతులు పూర్తిగా కట్టేస్తున్నారు. ఆస్తిని దొంగతనం నుంచి కాపాడుకునే ఆత్మరక్షణ హక్కు న్యాయ సంహిత 35వ సెక్షన్‌లో ఉంది, ఇతరుల ఆస్తికీ అది వర్తిస్తుంది. బిల్లు వేయని సరుకు సంచిలో పెట్టుకోవడం కళ్లారా చూసిన గార్డు చూస్తూ ఊరుకోవాలా?

న్యాయవాది, గుంటూరు:
ఊరుకోనక్కర్లేదండీ. మీరన్న హక్కు నిజమే, నేను దాన్ని చెప్పకపోవడం లోపమే. దొంగ సొత్తుతో తప్పించుకుపోయే వరకు లేదా సొత్తు తిరిగి దక్కే వరకు ఆ హక్కు ఉంటుంది, అదీ అవసరమైనంత బలమే వాడాలి. సరుకు తిరిగి తీసుకోవచ్చు. అది చేతికి వచ్చాక మనిషిని గదిలో పెట్టడానికి ఆ హక్కు పనికిరాదు.

గార్డుల సూపర్‌వైజర్, విజయవాడ:
సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాలు గార్డుకు తరగతిలో 100 గంటలు, క్షేత్రంలో 60 గంటల శిక్షణ అని చెబుతున్నా, మా వాళ్లలో ఎవరికీ ఈ తేడా ఎవరూ వివరించలేదు. రేపటి నుంచి డ్యూటీ రిజిస్టరు మొదటి పేజీలో ఇలా రాయిస్తున్నాను: అనుమానం వస్తే బిల్లు చూపించమని మర్యాదగా అడగాలి, నిరాకరిస్తే సమయం, ఆనవాళ్లు రాసుకుని, సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరిచి 112కు ఫోన్ చేయాలి, సరుకుల గదిలోకి ఎవరినీ తీసుకువెళ్లకూడదు. మేనేజర్ చెప్పేది దీనికి విరుద్ధంగా ఉంటే రాతపూర్వకంగా ఇవ్వమని గార్డు అడగాలి, ఇవ్వకపోతే వెంటనే నాకు ఫోన్ చేయాలి. ఆ గార్డును తీసుకుని కుర్రవాడి ఇంటికి ఆదివారం వెళ్తున్నాను, క్షమాపణ చెప్పడానికి.