చెరువు మట్టం సెన్సర్: కెపాసిటర్ వంపుకి సిమ్యులేషన్ కావాలా, సూత్రం సరిపోతుందా?

అమలాపురం_ఫైనలియర్:
రొయ్యల చెరువులో నీటి మట్టం కొలిచే సెన్సర్ మా ప్రాజెక్టు. అంచులు బిగించిన గుండ్రటి స్టీలు రేకు, దాని వెనక 0.2 మి.మీ. సందు వదిలి కదలని ప్లేటు. నీటి ఒత్తిడికి రేకు వంగితే కెపాసిటెన్స్, అంటే ఆ రెండూ కలిసి ఛార్జి పట్టి ఉంచే సామర్థ్యం, పెరుగుతుంది. వంపుతోపాటు సందులోని మెష్ (లెక్క కోసం గీసుకున్న చిన్న గడుల వల) కూడా కదిలేలా కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేశాం. అంత అవసరమా అంటున్నారు ఫ్రెండ్స్.

భీమవరం_రేడియోషాపు:
అవసరం లేదు బాబూ. వైశాల్యాన్ని సందుతో భాగించి పర్మిటివిటీతో (సందులో ఉన్న పదార్థం కెపాసిటెన్స్‌ని ఎంత పెంచుతుందో చెప్పే అంకె) గుణించు. సందు సగమైతే కెపాసిటెన్స్ రెట్టింపు. ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను.

అమలాపురం_ఫైనలియర్:
రెట్టింపు కాదు మాస్టారూ. సందు సగమయ్యేది నడిమధ్యనే, అంచు కదలదు. మాకు 25 శాతమే పెరిగింది.

భీమవరం_రేడియోషాపు:
25 శాతమా! మెష్ తప్పుంటుంది. చేత్తో చేసి చూపించు.

తణుకు_ఈఈఈ:
నేను చేశాను. పల్చటి రేకు వంపు సమీకరణం తీసుకుని ఇంటిగ్రేట్ చేస్తే 1.246 రెట్లు వచ్చింది. మెష్ బాగానే ఉంది.

భీమవరం_రేడియోషాపు:
చేత్తోనే వచ్చిందిగా! ఇంక సాఫ్ట్‌వేర్ ఎందుకు?

కాకినాడ_లాంచీరేవు:
ఎవరైనా నీళ్లలో పెట్టి చూశారా?

అమలాపురం_ఫైనలియర్:
వంపు ఎంతో తెలిశాకే ఆ లెక్క మాస్టారూ. ఎంత నీటికి అంత వంగుతుందన్నదే అసలు ప్రశ్న. మా రేకు మందం 0.1 మి.మీ., వంపూ అంతే. వంపు మందంతో సమానమయ్యేసరికి రేకు సాగి బిగుసుకుంటుంది, మామూలు సూత్రం చెప్పినంత వంగదు. పాత సూత్రం పట్టుకుని కూర్చుంటే ఎలా?

భీమవరం_రేడియోషాపు:
కూర్చున్నది నేనా? మా అమ్మాయి చేత్తో చేసిన సెన్సర్ బల్ల మీద పనిచేస్తుంటే, రంగుల బొమ్మలు లేవని కాలేజీలో మార్కులు కోసేశారు. ఆ రాత్రి అది అన్నం తినలేదు. మీకు బొమ్మ ముఖ్యం, వస్తువు కాదు.

అమలాపురం_ఫైనలియర్:
ఆ మార్కులు కోసింది నేను కాదండి. నా మీద కోపమెందుకు?

ఉండి_రొయ్యరైతు:
ఏవండీ, ఇద్దరూ ఆగండి. నిరుడు మా చెరువులో ఇలాంటిదే కొని పెట్టాం. రాత్రంతా 1.4 మీటర్లని చూపించింది. తెల్లారి వెళ్తే గట్టు కింద ఎండ్రకాయ బొరియలోంచి నీళ్లు పోయి మోకాలి లోతు మిగిలాయి. విప్పితే రేకు వెనక చెమ్మ. గాలి కోసం పెట్టిన సన్న గొట్టంలోంచి చేరిందది. గాలి పర్మిటివిటీ సుమారు 1, నీటిది సుమారు 80. చెమ్మకే కెపాసిటెన్స్ పెరిగి, నీళ్లు తగ్గుతున్నా మీటర్ నిండుగానే ఉందంది. మీ సూత్రంలో చెమ్మ ఉందా? ఆ అబ్బాయి మెష్‌లో ఉందా?

తణుకు_ఈఈఈ:
రెండింట్లోనూ లేదు.

భీమవరం_రేడియోషాపు:
నా బాధ కూడా అదేనండి. సిమ్యులేషన్ మీద పగ లేదు నాకు. నీళ్లలో ముంచకుండానే రైతు చేతికి అంకె ఇస్తున్నారు, అది నచ్చదు. నువ్వు ముంచావా బాబూ?

అమలాపురం_ఫైనలియర్:
లేదు మాస్టారూ. ఇంకా రేకు కూడా కోయించలేదు.

భీమవరం_రేడియోషాపు:
ఆదివారం షాపుకి రా. రెండు మీటర్ల పీవీసీ గొట్టం నిలబెట్టి, అడుగున సెన్సర్ బిగించి, పది సెంటీమీటర్లకోసారి నీళ్లు పోసి రాసుకుందాం. ప్రతి పదికీ ఒత్తిడి దాదాపు 0.98 కిలోపాస్కల్ పెరుగుతుంది. నీ గ్రాఫ్ కూడా తెచ్చుకో, పక్కన పెట్టి చూద్దాం.

ఉండి_రొయ్యరైతు:
గొట్టంలో అయ్యాక వారం రోజులు మా చెరువులో ఉంచండి. ఏరేటర్ పక్కనే పెడదాం, తుంపర బాగా పడుతుంది. పొద్దున్నే నేను కర్రతో లోతు చూసి రాసి పెడతాను.