డానీ ఆస్మండ్: బాలగాయకుడు ముప్పై దాటాక మళ్లీ ఎలా నిలబడ్డాడు?

పాతరికార్డులు (ప్రశ్న):
1971–73 మధ్య డానీ ఆస్మండ్ అంటే అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ టీనేజీ ఆడపిల్లలకు పిచ్చి. 1980 వచ్చేసరికి సోలో హిట్లు లేవు. ఉన్నట్టుండి 1989లో ఒక పాటకు అమెరికా పాటల చార్టులో 2వ స్థానం. ఆ తర్వాత నాటకాలు, టీవీ, లాస్ వేగాస్. మధ్యలో దెబ్బ కొట్టింది గొంతా, పేరా? చాలామంది బాలగాయకులు గొంతు మారగానే కనుమరుగైపోతే ఈయన ఎలా తట్టుకున్నాడు? ఇంకో సందేహం, పిల్లల సంపాదనకు అక్కడ చట్టపరంగా రక్షణ ఏముంది?

శ్రుతిపెట్టె:
మీ ప్రశ్నకు సూటి జవాబు: పేరు. గొంతు సంగతి తర్వాత.

డానీ 1957 డిసెంబరులో యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో పుట్టాడు. అన్నలు నలుగురు కలిసి పాడేవారు. గాయకుడు ఆండీ విలియమ్స్ టీవీ షోలో వాళ్లకు చోటు దొరికింది, ఐదారేళ్ల వయసులో ఇతనూ అందులో చేరాడు. 1971 మొదట్లో అన్నదమ్ములు కలిసి పాడిన 'వన్ బ్యాడ్ యాపిల్' అమెరికాలో ఐదు వారాలు మొదటి స్థానంలో ఉంది. పల్లవిలో మెరిసే ఆ పిల్లగొంతు డానీది, అప్పటికి పదమూడేళ్లు. అదే ఏడాది సోలోగా 'గో అవే లిటిల్ గర్ల్' కూడా మొదటి స్థానానికి వెళ్లింది.

గమనించాల్సింది ఏమిటంటే, ఆ సోలో హిట్లలో చాలావరకు పాత పాటలే. అంతకు పదేళ్ల కింద పెద్దవాళ్లు పాడినవాటిని పిల్లవాడితో మళ్లీ పాడించారు. అమ్ముడైంది పాటకంటే ఆ మొహం, ఆ నవ్వు, ఆ వయసు. వయసును అమ్ముకున్నవాడికి వయసు పెరగడమే నష్టం. దానికి తోడు 1976 నుంచి 1979 దాకా చెల్లెలు మేరీతో ఏబీసీ చానల్లో చేసిన వెరైటీ షో ఇంటిల్లిపాదికీ నచ్చింది, 'బుద్ధిమంతుడైన అబ్బాయి' ముద్ర మాత్రం ఇంకా గట్టిపడింది. షో మొదలయ్యేటప్పటికి అతనికి పద్దెనిమిది నిండాయి. ఆ వయసు కుర్రకారు అప్పుడు రాక్, డిస్కో వింటున్నారు. 1982లో న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో 'లిటిల్ జానీ జోన్స్' అనే సంగీత నాటకం చేస్తే ప్రారంభ ప్రదర్శనతోనే మూసేశారు.

ఇక 1989. 'సోల్జర్ ఆఫ్ లవ్' పాటను అమెరికా రేడియోలో మొదట గాయకుడి పేరు చెప్పకుండా వేశారు. 'ఎవరో కనుక్కోండి' అన్నట్టు వినిపిస్తూ వచ్చారు. శ్రోతలు ఫోన్లు చేసి మళ్లీ వెయ్యమన్నారు. పేరు బయటపడేసరికి పాట జనంలోకి వెళ్లిపోయింది. పేరుతోనే పంపి ఉంటే చాలా స్టేషన్లు సూది కూడా పెట్టకుండా పక్కన పడేసేవి. గొంతులో లోపం ఉండి ఉంటే ఈ ఎత్తు పారేదే కాదు.

కంఠసాధన:
పై మాటతో ఏకీభవిస్తాను, కానీ గొంతును అంత తేలిగ్గా తీసేయకండి. మగపిల్లల్లో సాధారణంగా 12–15 ఏళ్ల మధ్య స్వరపేటిక పెరిగి కిందికి దిగుతుంది, స్వరతంత్రులు పొడవెక్కి మందమవుతాయి. మామూలుగా మాట్లాడే గొంతు సెకనుకు దాదాపు 250 కంపనాల నుంచి 120 దగ్గరికి వస్తుంది. అంటే సుమారు ఒక స్థాయి (ఒక స నుంచి తర్వాతి స దాకా) కిందికి. కష్టం ఆ దిగడంలో లేదు, దిగే తీరులో ఉంది. తారస్థాయి ముందే పోతుంది, మంద్రం ఇంకా పూర్తిగా రాదు. కొన్ని నెలలపాటు హాయిగా పలికే స్వరాలు ఒక స్థాయి కూడా ఉండకపోవచ్చు. మధ్యలో రెండు మూడు స్వరాల దగ్గర గొంతు చీలుతుంది.

పేరున్న పిల్లగాయకుడికి సరిగ్గా ఇక్కడే ప్రమాదం. జనానికి పాత శ్రుతిలోనే పాట కావాలి. ఆ ఒత్తిడితో గొంతు బిగించి పైకి నెడితే తంత్రులు వాస్తాయి, అదే అలవాటైతే కాయలు కాస్తాయి. చేయాల్సింది: పాట శ్రుతిని మూడు నుంచి ఐదు అర్ధస్వరాలు దించాలి, రోజుకు పాడే సమయం తగ్గించాలి, పైస్వరాలు దొంగగొంతుతో (బలం పెట్టని పలుచని గొంతుతో) మెల్లగా తాకాలి తప్ప అరవకూడదు. బొంగురు రెండు మూడు వారాలు దాటితే చెవి–ముక్కు–గొంతు డాక్టరు చూడాల్సిందే. శ్రుతి దించితే వాద్యబృందం పని కూడా మారుతుందని చాలామంది మర్చిపోతారు. ట్రంపెట్ లాంటి బ్రాస్ వాయిద్యాల వరసలు కొత్తగా రాయాలి, ముందే రికార్డు చేసిన ట్రాకులు పనికిరావు.

డానీ పెద్దయ్యాక వచ్చిన గొంతు ఎలాంటిదో తెలియాలంటే 1998 డిస్నీ చిత్రం 'మూలాన్' వినండి. సేనాని షాంగ్‌కు పాట పాడింది ఇతనే. సైనికులకు శిక్షణ ఇచ్చే నాయకుడి గొంతు అది, గుండెలోంచి వస్తుంది. పదమూడేళ్ల రికార్డు పక్కన పెట్టి వింటే ఇద్దరూ ఒకడే అని నమ్మడం కష్టం.

పాతరికార్డులు:
మరి 1989 తర్వాత రికార్డులతోనే సాగిపోకుండా నాటకాల వైపు ఎందుకు వెళ్లినట్టు?

తెరవెనుక:
ఒక హిట్ తలుపు తెరుస్తుంది, ఏళ్ల తరబడి పని ఇవ్వదు. నాటకం ఇస్తుంది. 1992లో టొరంటోలో 'జోసెఫ్' సంగీత నాటకంలో ప్రధాన పాత్ర దొరికింది. ఆ తర్వాత కొన్నేళ్లు ఊరూరా తిరిగి రెండు వేల ప్రదర్శనల దాకా చేశాడు. ఈ రంగంలో వారానికి ఎనిమిది ఆటలు మామూలు లెక్క. అదే పాట, అదే శ్రుతి, ఒంట్లో ఎలా ఉన్నా. రికార్డింగులో తప్పు పోతే ఇంకో టేక్ ఉంటుంది, ఇక్కడ ఉండదు. ఆ రోజుల్లోనే తీవ్రమైన ఆందోళనతో బాధపడ్డానని తర్వాత తనే బయటికి చెప్పాడు. చిన్నప్పటి నుంచి వేదిక మీదే పెరిగినవాడికి వేదికంటే భయమేమిటి అనుకోవద్దు. తప్పు చేస్తే ప్రేమించరేమో అన్న భయం అలా పెరిగినవాళ్లకే ఎక్కువ.

లాస్ వేగాస్ లెక్క వేరు. అక్కడ పాత పేరు బరువు కాదు, పెట్టుబడి. 1972లో పోస్టర్లు అతికించుకున్న పిల్లలు 2008 నాటికి యాభై దగ్గరపడి, టికెట్ కొనగల స్థితిలో ఉన్నారు. మేరీతో కలిసి ఫ్లమింగో హోటల్లో కొద్ది వారాల కోసం మొదలుపెట్టిన షో 2019 దాకా, పదకొండేళ్లు నడిచింది. ఆ హాలుకు వాళ్లిద్దరి పేరే పెట్టారు. మధ్యలో 2009లో టీవీ నృత్యపోటీ 'డ్యాన్సింగ్ విత్ ద స్టార్స్' గెలిచాడు, అది చూసి పాటలు తెలియని తరం కూడా గుర్తుపట్టింది. 2021లో హారాస్ హోటల్లో ఒంటరిగా షో మొదలుపెట్టాడు. అందులో తన జీవితాన్నంతా ర్యాప్‌గా చెప్పే భాగం ఉంది, ప్రేక్షకులు తన ఆల్బముల్లోంచి అడిగిన పాట అప్పటికప్పుడు పాడే భాగమూ ఉంది. పాత పాటను దాచిపెట్టకుండా, దాని మీదే ఆధారపడకుండా చేసిన అమరిక అది. నా దృష్టిలో అతని అసలు తెలివి అదే.

లెక్కలపద్దు:
డబ్బు సంగతి. కాలిఫోర్నియాలో కూగన్ చట్టం 1939లో వచ్చింది. బాలనటుడు జాకీ కూగన్ సంపాదనంతా తల్లి, సవతితండ్రి ఖర్చుపెట్టేశాక తెచ్చారు. అయితే కోర్టు ఆమోదించిన ఒప్పందాలకే వర్తించడంతో చాలామంది దాని బయటే మిగిలిపోయారు. 2000 నుంచి సవరించిన చట్టం ప్రకారం పిల్లల స్థూల ఆదాయంలో 15 శాతం ప్రత్యేక ట్రస్టు ఖాతాలో పడాలి, పద్దెనిమిదేళ్లు నిండేదాకా తీయడానికి వీల్లేదు. న్యూయార్క్‌లోనూ ఇలాంటి నిబంధన ఉంది. మిగతా 85 శాతానికి ఈ ఖాతా రక్షణ లేదు. మేనేజరు, ఏజెంటు, లాయరు, పన్నులు అన్నీ అందులోంచే పోతాయి. రికార్డు కంపెనీ ఇచ్చే అడ్వాన్సు రాయల్టీలోంచి (అమ్మకాల్లో గాయకుడి వాటాలోంచి) తిరిగి కోసుకుంటారు కాబట్టి, పాట హిట్టయినా చేతికి పైసా రాని నెలలు ఉంటాయి.

శ్రుతిపెట్టె:
పాతరికార్డులు గారూ, వరసగా వినాలంటే 1971 'గో అవే లిటిల్ గర్ల్', తర్వాత 1989 'సోల్జర్ ఆఫ్ లవ్', ఆ తర్వాత 'మూలాన్'. వీలైతే 2019 టీవీ పాటల పోటీ 'ద మాస్క్‌డ్ సింగర్' మొదటి సీజన్ కూడా చూడండి. నెమలి వేషంలో ముసుగు వేసుకుని పాడి రెండో స్థానంలో నిలిచింది ఇతనే. ఊహించినవాళ్లు ఉన్నారనుకోండి, అయినా మొహం, పేరు పక్కన పెట్టి గొంతు ఒక్కటే వినే అవకాశం మళ్లీ అక్కడే దొరుకుతుంది.