అప్‌డేట్: గోగు ఆకుల ఈనెలు పసుపెక్కడానికి కారణం తెలిసింది

ఆమదాలవలస దగ్గర మా గోగు చేలో లేత ఆకుల ఈనెలు పసుపు రంగుకి తిరుగుతున్నాయని, ఇనుము లోపమా అని అడిగాను కదా. సాయం చేసిన అందరికీ థాంక్స్. "ఆకు తిప్పి చూడు తమ్ముడూ" అన్న అన్నగారి మాటే నిజమైంది. ఆకు అడుగున తెల్లదోమ ఉంది. పరిశోధన కేంద్రంలో చూపిస్తే పల్లాకు తెగులు, అంటే తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అన్నారు. ఇనుము లోపమైతే ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం పాలిపోతుందట. మా ఆకుల్లో ఈనెలే వలలాగా పసుపెక్కాయి.

మొక్క ఎందుకు తట్టుకోలేదని కూడా అడిగాను. మామూలుగా మొక్క, వైరస్ ఆర్‌ఎన్‌ఏని (దాని జన్యువుల నకలుని) 21 నుంచి 24 అక్షరాల, అంటే అన్ని చిన్న యూనిట్ల పొడవున్న ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కల ఆనవాలుతో, అలాంటి ఆర్‌ఎన్‌ఏ మళ్లీ ఎక్కడ కనిపించినా నరికేస్తుంది. ఈ వైరస్ వెంట బీటా శాటిలైట్ అనే చిన్న డీఎన్‌ఏ ఉంటుంది. దాని నుంచి తయారయ్యే ప్రొటీన్ ఆ పనిని అడ్డుకుంటుందట. నాకు ఇది చాలా ఆశ్చర్యంగా అనిపించింది.

తెగులు సోకిన మొక్కకి మందు లేదు. అలాంటివి పీకి పూడ్చేశాం, పసుపు జిగురు అట్టలు పెట్టాం, తెల్లదోమకి చెప్పిన మందు కొట్టాం. మిగతా చేను నిలబడింది. ఇనుము లోపానికి కొట్టే అన్నభేది పిచికారీకి గానీ, బోరు నీటి ఉప్పుకి గానీ ఈ తెగులుతో సంబంధం లేదు.