పెరట్లో ఆఫ్రికా నత్తలు: చంపి పాతేయాలా, వండుకోవచ్చా?

పెరటితోట_కాకినాడ:
వానలు పడ్డ దగ్గర్నుంచి మా పెరడంతా అరచేయంత నత్తలు. బొప్పాయి మొక్కలు, బంతి నారు, అరటి పిలకలు ఏదీ మిగలట్లేదు. గోడ సున్నం కూడా గీరి తినేస్తున్నాయి. "నత్తలే కదా, కూర వండేయండి" అంటున్నారు పక్కింటివాళ్లు. తినొచ్చా?

గోదారి_వంట:
తినొచ్చనే నా మాట. నైజీరియా, ఘనాల్లో పెద్ద నేల నత్తలు ఇష్టంగా తింటారు. ఫ్రాన్స్‌లో తోట నత్తల్ని కొన్ని రోజులు పస్తు పెట్టి, పేగు ఖాళీ అయ్యాక ఉడికిస్తారు. మన చెరువు నత్తల్ని ఎలా చేస్తాం? నీళ్లలో ఉంచి మట్టి వదిలించి, ఉడికించి, పిన్నుతో కండ లాగి, చివరన నల్లగా ఉండే పేగు తీసేసి, జిగురు పోయేదాకా ఉప్పు, పసుపుతో రుద్ది కడుగుతాం. ఇవీ అంతే. పొలాన్ని పాడుచేసేది కూరైతే తప్పేంటి?

మిద్దెతోట_అక్క:
తమ్ముడూ, చెరువు నత్త వేరు, ఇది వేరు. ఇది తూర్పు ఆఫ్రికాది. 1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి తెచ్చి కలకత్తాలో ఒక తోటలో వదిలాడు. ఎలుకల ఊపిరితిత్తుల్లో ఉండే ఒక పురుగు, ఎలుక పెంట ద్వారా ఈ నత్తల్లోకి చేరుతుంది. సరిగ్గా ఉడకని నత్త తింటే మెదడు పొరలకు వాపు రావచ్చు. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, తోటలో ఆకుకూరలు పచ్చిగా తినొద్దు.

గోదారి_వంట:
బాగా ఉడికిస్తే పురుగు చచ్చిపోతుంది కదక్కా. సగం ఉడికిన కోడిమాంసమూ ప్రమాదమే, అలాగని మానేశామా?

మిద్దెతోట_అక్క:
పురుగు చస్తుంది, ఒప్పుకుంటాను. కానీ నత్త ఒంట్లో చేరిన మందు పోదు. ఆ నత్త నాలుగు గోడలు దాటి వచ్చింది. ఎవరింట్లో విషపు గుళికలు తిందో, ఏ మురుగు కాలవ పక్కన పాకిందో మీకు తెలుసా? ఎంత మరగబెట్టినా ఆ సందేహం తీరదు.

కుక్కల_నేస్తం:
గుళికల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. నత్తల్ని చంపడానికి చల్లే మెటాల్డిహైడ్ అనే మందు గుళికల్ని కుక్కలు తిండి అనుకుని తినేస్తాయి. మా వీధి కుక్కపిల్ల ఒళ్లంతా వణుకుతూ ఫిట్స్‌తో కొట్టుకోవడం కళ్లారా చూశాను. దయచేసి అవి చల్లకండి.

కూరగాయల_రైతు:
మందు లేకుండానే తగ్గించొచ్చు. సాయంత్రం గోనెసంచి తడిపి పరిచి, కింద బొప్పాయి ఆకులో క్యాబేజీ ఆకులో పెట్టండి. తెల్లారేసరికి నత్తలన్నీ అక్కడే దొరుకుతాయి. గ్లవ్స్ వేసుకుని ఏరి, చిక్కటి ఉప్పునీళ్ల బకెట్లో వేసి, చచ్చాక లోతుగా పాతేయండి. మొక్కల మొదళ్లలో ఉప్పు చల్లితే మాత్రం నేల చెడుతుంది. మట్టి తవ్వితే సగ్గుబియ్యంలా గుడ్లు కనిపిస్తాయి, ఒక్కో కుప్పలో వందకు పైగా ఉండొచ్చు. వాటినీ వదలొద్దు. ఫ్లోరిడాలో 1966లో ఒక పిల్లాడు మూడు నత్తలు తెస్తే, వాటి సంతతిని తుడిచిపెట్టేసరికి 1975 అయింది.

పెరటితోట_కాకినాడ:
సరే, కూర ఆలోచన మానేశాను. ఈ రాత్రికే సంచులు పరుస్తాను.

గోదారి_వంట:
పట్నం పెరటి నత్తల విషయంలో అక్క మాటే సరే. మందు వాడని పల్లెటూరి తోటల గురించి మాత్రం నా అభిప్రాయం మారలేదు. పోనీ, చిన్నవాటిని బాతులకు వేయొచ్చుగా?

మిద్దెతోట_అక్క:
చుట్టుపక్కల ఎవరూ గుళికలు వేయలేదని కనుక్కున్నాకే. బాతుకైనా విషం విషమే.